వేలిముద్రకు కాపలా ఎవరు?

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచి గిట్టుబాటు ధరల గురించి, పంటల బీమా గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. నాకు అప్పజెప్పిన అంశం సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు, వాటి ద్వారా జరిగే మోసాలు. ఇది రైతు సంఘం మాట్లాడాల్సిన విషయమేనా అని ఇందాక టీ దగ్గర ఇద్దరు ముగ్గురు అడిగారు. మీరే ఆలోచించండి. యూరియా బస్తా కావాలంటే వేలు పెట్టాలి. రేషన్ బియ్యానికి వేలు పెట్టాలి. ముసలమ్మకు పింఛన్ రావాలన్నా వేలే. పీఎం కిసాన్ రెండు వేలు పడాలంటే ఈ-కేవైసీ చేయించాలి. పొలం అమ్మినా కొన్నా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వెయ్యాలి. మిర్చి అమ్మిన డబ్బు ఖాతాలో పడితే ఆ కబురు ఫోన్‌కే వస్తుంది. మన బతుకంతా ఆ మిషన్లలోకి పోయిన తర్వాత, ఆ మిషన్ల సంగతి మన సంఘం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు?

నేను పదో తరగతి చదివినవాణ్ణి. కంప్యూటర్ చదువు చదవలేదు. మోసపోయిన రైతుల వెంట రెండు మూడేళ్ళుగా బ్యాంకులకూ పోలీస్ స్టేషన్లకూ తిరిగి తెలుసుకున్నదే మీకు చెబుతాను.

మన తాతల కాలంలో వడ్డీ వ్యాపారి ఏం చేసేవాడో మీకు తెలుసు. ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకునేవాడు. అంకె తర్వాత తీరిగ్గా తనే రాసుకునేవాడు. రైతు సంఘాలు ఊరూరా తిరిగి చెప్పిన మొదటి మాటల్లో ఖాళీ కాగితం మీద వేలు వెయ్యొద్దు అన్నది ఒకటి. ఆ కాగితం ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది.

ఎలాగో చెబుతాను. పీఎం కిసాన్ విడత పడే రోజులు దగ్గరకొచ్చాయంటే వాట్సాప్‌లో ఒక ఫైలు తిరగడం మొదలుపెడుతుంది. పైన మోదీ గారి బొమ్మ, పక్కన వరి కంకి, కింద ‘మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి’ అని ఉంటుంది. పంపింది ఎవరో ఊరూ పేరూ తెలియనివాడు కాదు, మన బావమరిదో, మన వార్డు మెంబరో. అందుకే నమ్ముతాం. ఆ ఫైలు పేరు చివర ఏ, పి, కె అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. ఈ మూడక్షరాలు గుర్తు పెట్టుకోండి, ఇంగ్లిష్ రానివాళ్ళకు మీ పిల్లల చేత కాగితం మీద రాయించి చూపించండి. అవి ఉన్నాయంటే అది ఫొటో కాదు, కాగితం కాదు, జాబితా కాదు. అది ఒక యాప్. మీ ఫోన్లో కాపురం పెట్టడానికి వస్తున్న మనిషి అనుకోండి.

ఒక్క పీఎం కిసాన్ పేరుతోనే కాదు. బండికి ట్రాఫిక్ చలానా పడిందని వస్తుంది. బ్యాంకు బహుమతి పాయింట్లు రేపటితో పోతాయని వస్తుంది. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కనెక్షన్ తీసేస్తాం అని వస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్లో శుభలేఖ అని వస్తుంది. శుభలేఖ తెరవకుండా ఎవరుంటారు?

దాన్ని నొక్కితే ఫోను మొదట అడ్డం చెబుతుంది. తెలియని చోటునుంచి వచ్చింది, ప్రమాదం కావచ్చు అని చూపిస్తుంది. అదంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది, మనం ‘ఓకే’ అంటాం. తర్వాత ఆ యాప్ వరసగా అనుమతులు అడుగుతుంది. మెసేజ్‌లు చదవనిస్తావా? ‘అలౌ’. ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూడనిస్తావా? ‘అలౌ’. తెర మీద నువ్వు చేసేదంతా చూడనిస్తావా? ‘అలౌ’. ఒక్కో అలౌ ఒక్కో ఖాళీ ప్రోనోటు. ఆ తర్వాత పీఎం కిసాన్ పేజీలాంటిదే ఒకటి తెరుచుకుని ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఏటీఎం కార్డు నంబరు రాయమంటుంది. అక్కణ్ణుంచి బ్యాంకు పంపే ఓటీపీ మీరు చూడకముందే వాడికి చేరుతుంది. ‘నేనెవరికీ ఓటీపీ చెప్పలేదు’ అని మనవాళ్ళు అంటే అది నిజమే. చెప్పింది వాళ్ళు కాదు, ఫోను చెప్పింది. కొన్ని యాప్‌లు తమ గుర్తును కూడా తెర మీద కనబడకుండా దాచేస్తాయి. అంతటితో ఆగదు, మన పేరుతో మన బంధువులందరికీ అదే ఫైలు పోతుంది. గులాబీ రంగు పురుగు ఒక చేలోంచి పక్క చేలోకి పోయినట్టు.

కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన ఏ యాప్‌నూ పెట్టుకోవద్దు. పీఎం కిసాన్ యాప్ కావాలంటే ప్లే స్టోర్‌లో ఉంది. అసలు యాప్ లేకపోయినా రైతు సేవా కేంద్రంలో, మీసేవలో పని జరుగుతుంది. ప్రభుత్వం విడత వేయడానికి ఏ రైతుకూ వాట్సాప్‌లో యాప్ పంపదు. అలాగే ప్లే స్టోర్‌లో ‘ప్లే ప్రొటెక్ట్’ అని ఒక కాపలా ఉంటుంది. దాన్ని ఆపేయమని ఎవరైనా ఫోన్ చేసి చెబితే వాడు దొంగే. కాపలా కుక్కను కట్టేయమని అడిగేవాడు దొంగ కాక ఇంకెవరు?

ఒకవేళ ఎవరైనా పెట్టేసుకున్నారనుకోండి. ఆ క్షణంలో చెయ్యాల్సింది ఫోన్లో నెట్ ఆపేయడం. ఏరోప్లేన్ గుర్తు నొక్కితే చాలు. తర్వాత ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా ఆపించాలి, 1930కి చేయాలి. చాలామంది ముందు ఆ యాప్ తీసేయాలని చూస్తారు. అది తొందరగా పోదు, ఆ గంటలో డబ్బు పోతుంది. ముందు డబ్బుకు తాళం వేయండి. ఫోన్ సంగతి తర్వాత. తర్వాత ఫొటోలు మాత్రం వేరేచోట దాచుకుని ఫోన్‌ను మొత్తం చెరిపి కొత్తదానిలా చేయించండి. పిన్నులన్నీ మార్చండి. మీ పేరుతో ఫైలు వస్తే తెరవొద్దని చుట్టాలందరికీ కబురు చెప్పండి.

ఇక్కడొక మాట కఠినంగా చెప్పాల్సి ఉంది. మోసపోయిన మనిషి ఇంటికొచ్చి చెబితే ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు ముందు అడిగేది ‘నువ్వెందుకు నొక్కావ్’ అని. మా దగ్గర ఒక అక్క స్వయం సహాయక సంఘం అప్పు డబ్బు అరవై వేల పైన ఇలాగే పోగొట్టుకుంది. భర్త తిడతాడని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజుల్లో డబ్బు నాలుగు ఖాతాలు మారి ఎక్కడో ఏటీఎంలో తీసేశారు. ఒక్క రూపాయి రాలేదు. అదే నెలలో ఇంకొకాయన గంటలోపే 1930కి ఫోన్ చేశాడు, ఆయనకు పోయినదాంట్లో మూడోవంతు ఖాతాలోనే ఆగి తర్వాత వచ్చింది. ఈ రెండు కేసులకూ తేడా తెలివితేటల్లో లేదు. ఒకరు సిగ్గుపడ్డారు, ఇంకొకరు పడలేదు, అంతే. మన కార్యకర్తలు ఎవరి ఇంటికి పోయినా ఎందుకు నొక్కావని అడగొద్దు. ఎన్నింటికి పోయింది, ఏ బ్యాంకు అని అడగండి.

వేలికి తాళం ఉందా?

ఇప్పటిదాకా చెప్పింది మనం నొక్కితే జరిగేది. ఇప్పుడు చెప్పబోయేది మనం ఏమీ నొక్కకపోయినా జరిగేది. దీని మీదే నాకు కోపం ఎక్కువ.

బ్యాంక్ మిత్ర దగ్గర చిన్న మిషన్ ఉంటుంది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే డబ్బు వస్తుంది. దీన్ని ఏఈపీఎస్ అంటారు. ఒక్కసారికి పది వేల దాకా తీయొచ్చు. బ్యాంకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళకు ఇది మేలే, నేను కాదనను. ఉపాధి కూలీ డబ్బు తీసుకోవడానికి ఒక రోజు కూలీ పోగొట్టుకునే బాధ తప్పింది. కానీ ఇందులో పిన్ లేదు, ఓటీపీ లేదు. తాళం చెవి మన వేలే. తాళం చెవి పోతే మార్చుకోవచ్చు, ఏటీఎం పిన్ తెలిసిపోతే మార్చుకోవచ్చు. వేలిని మార్చుకోలేం.

మరి వేలిముద్ర ఎక్కడ దొరుకుతుంది? రిజిస్ట్రేషన్ చట్టంలో 32-ఎ అని ఒక సెక్షన్ ఉంది. దస్తావేజుకు ఫొటో, వేలిముద్రలు పెట్టాలని అది చెబుతుంది. దొంగ రిజిస్ట్రేషన్లు ఆపడానికి పెట్టిన మంచి నిబంధన. తర్వాత దస్తావేజులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు, నకలు నెట్‌లో దొరికేలా చేశారు. అదీ మంచిదే. కానీ ఆ నకలులో ఆధార్ నంబరు ఉంది, పక్కనే వేలిముద్ర ఉంది. ఇంటి తాళం చెవిని గుమ్మానికి వేలాడదీసి, కింద ఇంటి నంబరు రాసినట్టయింది.

2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి వేల సిమ్ కార్డులు ఇతరుల పేర్ల మీద చలామణీ చేశాడని పోలీసులు పట్టుకున్నారు. రబ్బరు స్టాంపులు చేసే మామూలు మిషనే అతను వాడింది. అప్పుడే ప్రభుత్వాలు మేలుకోవాల్సింది. 2022లో సైబరాబాద్ పోలీసులు ఇంకో ముఠాను పట్టుకున్నారు. వాళ్ళు మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచే దస్తావేజులు దించుకుని, అందులోని వేలిముద్రలకు నకలు తయారుచేసి, ఏఈపీఎస్‌లో జనం డబ్బు తీశారు. అంటే డబ్బు పోయినవాళ్ళు ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఏ లింకూ తెరవలేదు. వాళ్ళు చేసిందల్లా పొలమో స్థలమో రిజిస్ట్రేషన్ చేయించుకోవడం. ఇంత జరిగినా సైబర్ నేరాల మీద అవగాహన సదస్సులు పెట్టే ప్రతి అధికారీ ‘మీరు జాగ్రత్తగా ఉండాలి’ అని మనకే చెబుతున్నాడు. దస్తావేజును బజార్లో పెట్టినవాడు ఎంత జాగ్రత్తగా ఉన్నాడని మనం అడగొద్దా?

మన చేతిలో ఉన్నది కూడా చెబుతాను. ఆధార్ వేలిముద్రకు తాళం వేసుకునే వీలుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఎంఆధార్ యాప్‌లో గానీ ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ ‘బయోమెట్రిక్ లాక్’ అని ఉంటుంది. ఆధార్‌కు మీ ఫోన్ నంబరు కలిపి ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. తాళం పడ్డాక ఎవరు మీ వేలిముద్ర పెట్టినా మిషన్ ఒప్పుకోదు, 330 అని తప్పు చూపిస్తుంది. అవసరమైనప్పుడు మీరే కాసేపు తాళం తీయొచ్చు, పది నిమిషాల తర్వాత దానంతటదే పడుతుంది.

వినడానికి బాగుంది గదా. మరి రైతు సంగతి? ఎరువుల కొట్లో 2018 నుంచి సబ్సిడీ బస్తా ఈ-పోస్ మిషన్ మీదే ఇస్తున్నారు, అక్కడ మామూలుగా అడిగేది వేలే. వరుసలో నిలబడి, ఎండలో, సిగ్నల్ లేని చోట, తాళం తీసి ఓటీపీ కోసం చూస్తూ ఉంటే వెనకాలవాళ్ళు ఊరుకుంటారా? ఫోనేమో కొడుకు దగ్గర హైదరాబాద్‌లో ఉంటుంది. అందుకే ఈ తాళం ఉద్యోగస్తులకు పనికొచ్చినంత మనకు పనికిరావడం లేదు. అయినా వేసుకోమనే చెబుతాను. ముఖ్యంగా పంట డబ్బు ఖాతాలో ఉన్న రోజుల్లో, ఈ మధ్య రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్ళు తప్పకుండా వేసుకోండి. రేషన్ రోజున, ఎరువు రోజున ఇంటి దగ్గరే తాళం తీసి బయలుదేరితే దారిలోనే పది నిమిషాలు అయిపోతాయి, కాబట్టి కొట్టు దగ్గరకు పోయాకే తీయండి. ఇంకో మార్గం కూడా ఉంది. ఏఈపీఎస్ ఎప్పుడూ వాడనివాళ్ళు తమ ఖాతాకు ఆ వసతి ఆపేయమని బ్యాంకులో రాతపూర్వకంగా అడగండి. చాలా బ్యాంకులు ఆపుతాయి. అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్న నకలు దాచుకోండి.

మీ ఆధార్ ఎక్కడెక్కడ వాడారో గత ఆరు నెలల చిట్టా కూడా ఆ వెబ్‌సైట్‌లోనే కనిపిస్తుంది. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో ‘సంచార్ సాథి’లో చూడొచ్చు. మీకు సంబంధం లేని నంబరు కనబడితే అక్కడే తీయించొచ్చు. ఆధార్ సందేహాలకు 1947, ఆ నంబరు మరిచిపోవడం కష్టం గదా.

బ్యాంక్ మిత్ర దగ్గర ఇంకో చిన్న మోసం జరుగుతుంది. వేలు సరిగా పడలేదు, మళ్ళీ పెట్టు అంటాడు. రెండోసారి పెడితే రెండుసార్లు డబ్బు పోతుంది, చేతికి ఒకసారే వస్తుంది. అందరూ అలాంటివాళ్ళని కాదు, మన ఊళ్ళ కుర్రాళ్ళే, తక్కువ కమిషన్ మీద బతుకుతున్నారు. కానీ అచ్చయిన రసీదు లేకుండా కదలొద్దు. మొదటిసారి ‘ఫెయిల్’ అని వచ్చినా దానికీ రసీదు అడగండి. పనిచేసి పనిచేసి మన వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి, మిషన్ నిజంగానే చదవలేకపోవచ్చు. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే మోసం చేస్తారు.

బ్యాంకు మేనేజరుకు చూపించాల్సిన కాగితం

2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. సహకార బ్యాంకులకు అదే ఏడాది డిసెంబర్‌లో విడిగా ఇచ్చింది. ఖాతాదారు అనుమతి లేకుండా ఎలక్ట్రానిక్ పద్ధతిలో డబ్బు పోతే నష్టం ఎవరిది అన్నది అందులో ఉంది. బ్యాంకు వైపు లోపం ఉంటే నష్టం మొత్తం బ్యాంకుదే. తప్పు బ్యాంకుదీ కాదు, ఖాతాదారుదీ కాదు, మూడో చోట జరిగిందనుకోండి, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో మనం ఫిర్యాదు ఇస్తే మన నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో ఇస్తే మన మీద పడే భారానికి హద్దు ఉంది, మామూలు పొదుపు ఖాతాకు పది వేలు, జన్‌ధన్ లాంటి ప్రాథమిక ఖాతాకు ఐదు వేలు. ఏడు దాటితే ఆ బ్యాంకు పాలసీ ప్రకారం. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని ఖాతాకు తాత్కాలికంగా జమ చెయ్యాలి, 90 రోజుల్లో తేల్చాలి. అన్నింటికంటే ముఖ్యమైనది, తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకు మీద ఉంది. మనం నిర్దోషులమని మనం నిరూపించుకోనక్కర్లేదు.

పిన్నో ఓటీపీయో మనమే చెప్పేసి ఉంటే, ఫిర్యాదు ఇచ్చేదాకా పోయింది మన ఖాతాలోకే వస్తుంది. ఆ తర్వాత పోయింది మాత్రం బ్యాంకుది. అందుకే గంటల లెక్క ముఖ్యం.

మా మండలంలో ఒక కౌలురైతు ఖాతా నుంచి రెండు రాత్రుల్లో ఏఈపీఎస్ ద్వారా పంతొమ్మిది వేల చిల్లర పోయింది. ఆయన ఎన్నడూ అడుగుపెట్టని రాష్ట్రంలో తీశారు. తెల్లారి బ్యాంకుకు పోతే ‘నువ్వే ఎవరికో ఓటీపీ చెప్పి ఉంటావు’ అన్నారు, ఫిర్యాదు కాగితం తీసుకోలేదు. మేం ముగ్గురం వెంట పోయాం. ఏఈపీఎస్‌కు ఓటీపీ ఉండదు సార్ అని చెప్పి, సర్క్యులర్ కాపీ బల్ల మీద పెట్టాం. మేనేజర్ చదివాడు, అప్పుడు కాగితం తీసుకుని ముద్ర వేశాడు. పది రోజుల్లో జమ కావాల్సింది కాలేదు. నెల దాటాక అంబుడ్స్‌మన్‌కు రాశాం. రెండున్నర నెలలకు డబ్బు పడింది. ఈలోగా ఆయన పురుగుమందుకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు, ఆ వడ్డీ ఎవరూ ఇవ్వలేదు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఫోన్ నంబరు 14448. 1930కి ఫోన్ చేసేటప్పుడు డబ్బు పోయిన మెసేజ్, లావాదేవీ నంబరు, టైము దగ్గర పెట్టుకోండి. వాళ్ళిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి. తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలన్నీ నమోదు చేయించండి. స్టేషన్‌లో ‘ఇది మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి.

సొసైటీ కంప్యూటర్ మాట

ఇక మన సంస్థల సంగతి. సహకార సొసైటీలను కంప్యూటరీకరించడానికి కేంద్రం 2022 జూన్‌లో 63,000 సొసైటీలకు 2,516 కోట్లతో పథకం ఒప్పుకుంది. కంప్యూటర్లొచ్చాయి. చేతిరాత పద్దుల్లో జరిగిన గోల్‌మాల్ మనకు తెలుసు కాబట్టి వాటిని నేను స్వాగతిస్తాను. కానీ 2024 జులై చివర ఏం జరిగిందో చూడండి. దేశంలో దాదాపు 300 చిన్న బ్యాంకులకు, ఎక్కువగా సహకార, గ్రామీణ బ్యాంకులకు, యూపీఐ, ఏటీఎం చెల్లింపులు ఒక్కసారిగా ఆగాయి. కారణం ఆ బ్యాంకులు కాదు. వాటికి సాఫ్ట్‌వేర్ సేవలందించే సి-ఎడ్జ్ అనే ఒక కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి. చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ మిగతావాళ్ళకు పాకకుండా దాని తీగ కోసేసింది. మర్నాడు మళ్ళీ కలిపారు. ఒక్క చోట తెగులు తగిలితే మూడు వందల బ్యాంకుల ఖాతాదారులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

రాన్సమ్‌వేర్ అంటే మన కంప్యూటర్లోని ఫైళ్ళకు వాడు తాళం వేసి, చెవి కావాలంటే డబ్బు పెట్టమనడం. 2021లో అమెరికాలో అయోవా రాష్ట్రంలో రైతుల ధాన్యం సహకార సంఘం న్యూ కోఆపరేటివ్ మీద ఇలాగే దాడి చేసి 59 లక్షల డాలర్లు అడిగారు. కోతల కాలం చూసి మరీ కొట్టారు. అంత పెద్ద సంఘానికే అలా జరిగితే మన సొసైటీ ఏపాటిది?

మన ఆఫీసులు నేను చూశాను. పాస్‌వర్డ్ రాసిన చీటీ కంప్యూటర్‌కే అంటించి ఉంటుంది. అదే కంప్యూటర్లో గుమస్తా గారి అబ్బాయి సినిమాలు దించుకుంటాడు. లెక్కల సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ, ఎవరో పెన్ డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించింది. దొంగ కాపీతో పాటు దొంగ కూడా లోపలికొస్తాడు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో కంపెనీ మామూలు మరమ్మతులు ఆపేసింది. మన ఎఫ్‌పీఓల్లో, ఎరువుల కొట్లలో ఇంకా చాలాచోట్ల అదే నడుస్తోంది. కొత్త మిషన్ కొనే స్తోమత లేకపోతే లేకపోవచ్చు. కనీసం ఒక పని చెయ్యండి. రెండు మూడు వేలు పెట్టి బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొని, వారం వారం పద్దులన్నీ అందులోకి ఎక్కించి, తీగ పీకి బీరువాలో పెట్టండి. తీగ పీకడం మరవొద్దు. తగిలించే ఉంటే దానికీ తాళం పడుతుంది. విత్తనాల గింజల్ని తినే గింజలతో కలిపి గాదెలో పోయం గదా, అలాగన్నమాట.

రిపేరు చేస్తామని ఫోన్ చేసి ఎనీడెస్క్ లాంటిది పెట్టుకోమంటే పెట్టొద్దు. మనం పిలిచిన మనిషైతేనే, మనం ఎదురుగా కూర్చుని ఉంటేనే. ఎఫ్‌పీఓలు ఇంకో సంగతి చూసుకోవాలి. విత్తన కంపెనీ పేరుతో ‘మా ఖాతా మారింది, డబ్బు దీనికి పంపండి’ అని మెయిల్ వస్తే, ఆ మెయిల్లో ఉన్న నంబరుకు కాదు, మీ దగ్గర పాత బిల్లు మీద ఉన్న నంబరుకు చేసి అడిగి పంపండి.

డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. గేదె కొంటానని ఫొటో చూసి బేరమాడకుండా ఒప్పుకుని, అడ్వాన్సు పంపిస్తా స్కాన్ చెయ్యి అనేవాణ్ణి నమ్మొద్దు. గేదెను చూడకుండా కొనేవాడు మన ఊళ్ళల్లో ఎవడున్నాడు?

మన పిల్లల గురించి ఒక మాట. ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ కలిపి ఇస్తే ఐదు వేలో పది వేలో ఇస్తామని పట్నంలో కొందరు తిరుగుతున్నారు. దోచిన డబ్బు ఆ ఖాతాల్లోంచే పోతుంది. పోలీసులు ముందు వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ళింటికే. ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు ఉన్న ప్రతి ఇంట్లో ఈ మాట చెప్పండి. ఇంకో బాధ, పంట అమ్మితే తెలియని ఖాతా నుంచి డబ్బు వస్తుంది, ఆ డబ్బు ఎక్కడో మోసంలోదని తేలితే రైతు ఖాతా ఆపేస్తారు. అందుకే యార్డు బయట అమ్మినప్పుడు కూడా కొన్నవాడి పేరు, ఖాతా పేరు ఒకటేనో కాదో చూసుకుని, తూకం చీటీ, బిల్లు తీసుకోండి. ఖాతా విడిపించడానికి ఆ చీటీయే సాక్ష్యం.

ఇప్పుడు రైతు రిజిస్ట్రీ అని నమోదు చేస్తున్నారు. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం 2,817 కోట్లతో ఒప్పుకున్న డిజిటల్ వ్యవసాయ మిషన్‌లో అది భాగం. భూమి, పంట, ఆధార్ అన్నీ ఒక నంబరు కిందికొస్తాయి. నమోదు చేసుకోకపోతే పథకాలు ఆగుతాయేమోనని అందరం చేసుకుంటున్నాం. నేను వద్దనడం లేదు. చెవులన్నీ ఒకే గుత్తికి కడుతున్నారు కాబట్టి ఆ గుత్తి ఎవరి నడుముకు ఉంది, ఎవరెవరికి ఇస్తారు, పోతే జవాబుదారీ ఎవరు అని రాతపూర్వకంగా అడుగుదాం. భూమి సొంతం కాని కౌలురైతు ఆ లెక్కలో ఎక్కడున్నాడో కూడా అందులోనే అడగాలి.

ఈ సాయంత్రం తీర్మానాల్లో నేను నాలుగు పెడుతున్నాను. నెట్‌లో దొరికే ప్రతి దస్తావేజు నకలులో, పాతవాటితో సహా, వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కనబడకుండా చెయ్యాలి. చేశామని ప్రభుత్వం అంటే, ప్రతి మండలం నుంచి ఒక్కొక్కరు సొంత దస్తావేజు నకలు తీయించి చూసి చెప్పాలి. ఏఈపీఎస్ వసతి ఖాతాదారు అడిగి సంతకం పెడితేనే మొదలవ్వాలి, దానంతటదే ఉండకూడదు. డబ్బు పోయిన మెసేజ్ తెలుగులో రావాలి. ఎరువుల కొట్టు మిషన్‌లో వేలికి బదులు ఇంకో పద్ధతి కూడా వాడనివ్వాలి, తాళం వేసుకున్న రైతుకు బస్తా ఆగకూడదు. బ్యాంక్ మిత్రలను ఎవరు పెడుతున్నారు, ఎలా పరిశీలిస్తున్నారు అన్నదాని మీద రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో నిబంధనలిచ్చింది, 2026 జనవరి 1 నుంచి అమలన్నారు. మన జిల్లాలో అవి ఎంతవరకు అమలవుతున్నాయో లీడ్ బ్యాంకు మేనేజర్‌ను కలిసి అడుగుదాం.

భోజనాల తర్వాత ఆ పక్క గదిలో మన ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుంటారు. ఆధార్‌కు కలిపిన ఫోన్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, వేలికి తాళం వేయడం, తీయడం రెండూ చేయించి చూపిస్తారు. ఓటీపీ మీరే చూసి మీరే కొట్టండి, వాళ్ళకు కూడా చెప్పొద్దు. రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ముఖ్య భాగాలు తెలుగులో రాయించి అచ్చువేయించాం. గ్రామ కమిటీకి పది కాపీలు చొప్పున తీసుకెళ్ళండి. ఒకటి మీ బ్యాంకు మేనేజర్‌కు ఇవ్వండి.